విశ్వాసమా విధేయతా? రోమా 4, యాకోబు 2 కలిపి ఎలా చదవాలి

సికింద్రాబాద్‌లో ఆదివారం ఆరాధన అయ్యాక యూత్ మీటింగ్‌లో కూర్చుంటే ఈ గొడవ రాక తప్పదు, నమ్మితే చాలు కదా బ్రదర్ అని ఒకరు, క్రియలు లేకపోతే రక్షణ ఎక్కడిది అని ఇంకొకరు. వాక్యాలు విసురుకునే ముందు ఇలా చదివి చూడండి.

ఫస్ట్ బైబిల్లో ఆదికాండం తీయండి, రోమా పత్రిక కాదు. 15:6లో అబ్రాహాము నమ్మాడు, అది నీతిగా ఎంచబడింది. సున్నతి 17వ అధ్యాయంలో వస్తది, కొడుకు ఇస్సాకుని బలిపీఠం మీద పెట్టింది 22లో. ఈ ఆర్డర్ పెన్సిల్‌తో మార్జిన్‌లో రాసుకోండి, సగం గొడవ ఇక్కడే తేలిపోతది. ఇప్పుడు రోమా 4 చదివితే, సున్నతికి ముందే నీతి వచ్చింది చూడండి అంటాడు పౌలు. యాకోబు 2:21-23లో మాత్రం యాకోబు ఇస్సాకు సంగతి చూపించి విశ్వాసం అక్కడ పూర్తయింది అంటాడు, పైగా అదే 15:6ని ఎత్తి చెప్తాడు. ఒకే మనిషి, వేరే వేరే టైం, నాకైతే కొట్లాట కనపడదు. ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలెట్టిన మార్టిన్ లూథర్‌కి కనపడింది, 1522లో యాకోబుది గడ్డి పత్రిక, అంటే పస లేని ఉత్తరం అనేశాడు.

రక్షణ కృపచేతనే, క్రియల వల్ల కాదు అనే ఎఫెసీ 2:8-9 కంఠతా వచ్చినోళ్ళు 10వ వచనం కూడా చదవండి, సత్క్రియల కోసమే మనల్ని సృష్టించాడని ఉంటది.

యేసు పక్కన సిలువ మీద దొంగ సంగతి ఎవరో ఒకరు ఎత్తుతారు, బాప్తిస్మం లేదు ఏం లేదు, అయినా రక్షణ దొరికింది కదా అని. నిజమే, కానీ లూకా 23:40-42 చూడండి, ఉన్న ఆ కాస్త టైంలోనే పక్కోణ్ణి గద్దించాడు, తప్పు ఒప్పుకున్నాడు, యేసుని అడిగాడు.

లాస్ట్‌లో డిస్కషన్ ఆపేసి, ఈ వారం ఎవరి బాకీ తీర్చాలో ఎవరితో మళ్ళీ మాట కలపాలో ఒక్కొక్కరు ఒక్కటి చెప్పండి, వచ్చే ఆదివారం మొహమాటం లేకుండా అడగండి.