బూస్ట్ కంట్రోలర్ బిగించే ముందు ఆ సన్న పైపు చూసుకోండి

సంక్రాంతి మూడు వారాల్లోకి వచ్చిందంటే మా భీమవరం చుట్టుపక్కల టర్బో కార్లున్న కుర్రాళ్లకి తొందర మొదలవుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించిన మాన్యువల్ బూస్ట్ కంట్రోలర్ పట్టుకొచ్చి, "పండక్కి ముందే బిగించేద్దాం అన్నయ్యా" అంటారు. వేలెడంత లోహపు ముక్క, రెండు పైపులు, అరగంట పని. అరగంట పనే, నిజమే. ఆ అరగంటలో చేసే చిన్న తప్పుకి ఇంజన్ పోతుంది కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

ముందు అది చేసే పనేమిటో తెలియాలి. టర్బోలో రెండు చక్రాలుంటాయి: ఎగ్జాస్ట్ పొగకి తిరిగేది టర్బైన్, దాంతోపాటు తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని తోసేది కంప్రెసర్. అలా తోసే గాలి ఒత్తిడినే బూస్ట్ అంటారు. అది హద్దు దాటకుండా వేస్ట్‌గేట్ కాపలా కాస్తుంది. కంప్రెసర్ దగ్గరున్న నిపుల్ నుంచి ఒక సన్న పైపు, వేస్ట్‌గేట్‌ను కదిపే యాక్చుయేటర్ డబ్బాకి వెళ్తుంది. డబ్బాలోని స్ప్రింగు కన్నా గాలి ఒత్తిడి ఎక్కువైనప్పుడు రాడ్ కదిలి, ఎగ్జాస్ట్ వైపున్న చిన్న తలుపు తెరుచుకుంటుంది. పొగలో కొంత టర్బైన్ చక్రాన్ని తిప్పకుండా పక్కనుంచి పోతుంది. బూస్ట్ కంట్రోలర్ ఆ సన్న పైపు మధ్యలో కూర్చుని, ఒత్తిడి కబురును డబ్బాకి ఆలస్యంగా చేరనిస్తుంది. అందుకే బూస్ట్ పెరుగుతుంది. స్ప్రింగుకున్న ఒత్తిడి కన్నా తగ్గించడం మాత్రం దీనితో కాదు.

పైపు ఊడినా, చిట్లినా, కంట్రోలర్‌ను తిరగేసి బిగించినా కబురు అందనే అందదు. తలుపు మూసుకునే ఉంటుంది. బూస్ట్ ఎక్కడిదాకా పోతుందో మన చేతిలో ఉండదు.

ఇది నాకు అనుభవమే. కొన్నేళ్ల కిందట మా పెద్దమ్మ కొడుకు పాత పెట్రోల్ టర్బో కారుకి నేనే కంట్రోలర్ బిగించాను. ఒక పైపు పొట్టిదైతే చేపల తొట్టెకి వాడే ప్లాస్టిక్ గొట్టం ముక్క అతికించాను. క్లిప్పు కూడా వేయలేదు. మూడు నెలలు బాగానే నడిచింది. ఏప్రిల్ ఎండలో సిద్ధాంతం వంతెన దాటి రావులపాలెం వైపు వెళ్తుంటే ఆ గొట్టం మెత్తబడి జారిపోయింది. బండిలో బూస్ట్ గేజ్ లేదు. రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడు వచ్చిందని, కాసేపటికి బండి లాగడం మానేసిందని అన్నయ్య ఫోన్ చేశాడు. ఇంజన్ విప్పితే ఒక పిస్టన్ రింగుల గాడి దగ్గర విరిగి ఉంది. అన్నయ్య నన్నొక్క మాట అనలేదు. అది గుర్తొస్తే ఇప్పటికీ బాధే.

కాబట్టి కంట్రోలర్ కన్నా ముందు మంచి పైపు కొనండి. నిపుల్ సైజుకి సరిపోయే దళసరి సిలికాన్ వాక్యూమ్ పైపు కావాలి. నాలుగు చివరలకీ క్లిప్పులు వేయాలి. పైపు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది, ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌కి దూరంగా పోవాలి. బూస్ట్ ఎంతో పెట్టుకునే కంట్రోలర్ నాబ్ చేతికందేలా డాష్‌బోర్డు దాకా పైపు లాక్కొచ్చేవాళ్లున్నారు. నేనైతే వద్దంటాను. పైపు పొడవయ్యే కొద్దీ స్పందన మందగిస్తుంది, పక్కన కూర్చున్న బావమరిది చేతికి పని దొరుకుతుంది.

అసలు మీ బండికి ఇది పనికొస్తుందా? మన దగ్గర బాగా తిరిగిన 1.3 లీటర్ డీజిల్ ఇంజన్‌నే చూడండి. 75 హార్స్‌పవర్ రకంలో మామూలు వేస్ట్‌గేట్ టర్బో ఉంటుంది, 90 హార్స్‌పవర్ రకంలో రెక్కలు కదిలే వీజీటీ ఉంటుంది. వీజీటీని ఈసీఎం, అంటే ఇంజన్ కంప్యూటర్, నడుపుతుంది, దానికి ఈ కంట్రోలర్ అతకదు. కరెంటు మోటారుతో కదిలే వేస్ట్‌గేట్‌కీ అంతే. ఇక డీజిల్‌లో ఇంధనం పెంచకుండా గాలి ఒక్కటే పెంచితే పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. టర్బో చక్రం మాత్రం అవసరానికి మించి తిరుగుతుంది.

మన డెల్టాలో ఇంకో తంటా ఉంది. నర్సాపురం, అంతర్వేది వైపు ఉప్పు గాలికి, రొయ్యల చెరువుల గట్ల మీది తేమకి వేస్ట్‌గేట్ రాడ్ కీలు తుప్పు పట్టి బిగుసుకుంటుంది. తలుపే కదలనప్పుడు కంట్రోలర్ ఏం చేస్తుంది? ఇంజన్ పూర్తిగా చల్లారాక, గేజ్ ఉన్న చేతి పంపుతో యాక్చుయేటర్‌కి గాలి కొద్దికొద్దిగా పెట్టి, రాడ్ సాఫీగా కదిలి వెనక్కి వస్తోందో లేదో చూడండి. పంక్చర్ షాపు కంప్రెసర్ పైపు నేరుగా పెట్టొద్దు. అందులో 100 పీఎస్ఐ దాటి ఉంటుంది, లోపలి డయాఫ్రం, అంటే రబ్బరు పొర, చినిగిపోతుంది.

బిగించేటప్పుడు పాత పైపులు ఎలా ఉన్నాయో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. గాలి కంప్రెసర్ వైపు నిపుల్ నుంచే తీసుకోవాలి. ఇన్‌టేక్ మేనిఫోల్డ్ నుంచి తీస్తే యాక్సిలరేటర్ వదిలినప్పుడు వాక్యూమ్ వస్తుంది. గోళీ, స్ప్రింగు ఉండే రకమైతే బాణం గుర్తు టర్బో నుంచి యాక్చుయేటర్ వైపు ఉండాలి. గుర్తు లేకపోతే నాబ్ పూర్తిగా వదులు చేసి నోటితో ఊదండి, గాలి దూరే వైపే టర్బో వైపు. కంట్రోలర్ ఒంటి మీద సూది బెజ్జం ఒకటి కనిపిస్తుంది. లీకేజీ అనుకుని ఎంసీల్ పెట్టేవాళ్లని చూశాను. ఆ బెజ్జం లోపల చిక్కుకున్న ఒత్తిడి బయటికి పోవడానికే, దాన్ని మూయకండి.

బూస్ట్ గేజ్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. గేజ్ బార్‌లో చూపిస్తోందా, పీఎస్ఐలోనా అన్నది కూడా చూసుకోండి, 1 బార్ అంటే సుమారు 14.5 పీఎస్ఐ. టైర్లలో 32 కొట్టించే అలవాటుకి "రెండు పీఎస్ఐ ఏం లెక్క" అనిపిస్తుంది, కానీ ఇంజన్‌కి అది పెద్ద లెక్కే. నాబ్ పూర్తిగా వదులుగా ఉంచి మొదలెట్టి, పావు చుట్టు తిప్పి, మూడో గేరులో ఒకసారి లాగి చూడాలి. పక్కన ఒకరు గేజ్ మీదే కన్నేసి ఉండాలి. అనుకున్న అంకె దాటితే వెంటనే కాలు తీసేయండి. గులకరాళ్ల చప్పుడు, అంటే ఇంధనం అదుపు తప్పి మండే నాకింగ్, వినపడినా అంతే. కంపెనీ బూస్ట్ మీద ఒకటి రెండు పీఎస్ఐ దాటాలంటే ఈసీఎం ట్యూనింగు, ఇంధనం కొలతలు చూడాలి, నాబ్ ఒక్కదానితో అయ్యేది కాదు.

ఈ పరీక్ష కాలవ గట్టు రోడ్డు మీద చేయకండి. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చేను, మలుపులో కొబ్బరికాయల లారీ. దాళ్వా కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. ఖర్చైనా డైనో, అంటే బండిని ఉన్నచోటే రోలర్ల మీద నడిపి పరీక్షించే యంత్రం, ఉన్నచోటికి తీసుకెళ్లడమే మేలు.

పుష్యమాసపు చలిలో పెట్టిన సెట్టింగ్ రోహిణి కార్తె దాకా పనికొస్తుందనుకోవద్దు. చల్లగాలి చిక్కగా ఉంటుంది, అప్పుడు ఇంజన్ హాయిగా లాగుతుంది. అదే బూస్ట్‌తో మే నెల మధ్యాహ్నం, ఏసీ వేసుకుని నలుగురితో వెళ్తే లోపలికి పోయే గాలి కాగిపోయి ఉంటుంది, నాకింగ్ దగ్గరపడుతుంది. ఎండలకి ముందు నాబ్ వెనక్కి తిప్పండి. చలికాలం రాగానే కొందరి బండ్లలో బూస్ట్ దానంతటదే కాస్త పెరుగుతుంది, అప్పుడూ గేజ్ చూసుకోవాలి.

కాగితాల సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం బండి వివరాలు ఆర్సీకి తేడా వచ్చేలా మార్చకూడదు. మార్పు చెప్పకుండా దాచితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు. ఆర్టీఓలోనూ ఇన్సూరెన్స్ వాళ్లనూ ముందే అడగండి.

అంతా కుదిరాక లాక్ నట్ బిగించి, నాబ్ నుంచి నట్ మీదుగా ఒంటి దాకా తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. వారానికోసారి ఆయిల్ చూసేటప్పుడు ఆ గీతా, నాలుగు క్లిప్పులూ చూడండి. గీత తప్పి ఉంటే నాబ్ వదులు చేశాకే బండి తీయండి.