ఉరుములకు ముందే ఒక్క ప్లగ్గు

ఈదురుగాలి లేచి మబ్బు కమ్మితే చాలు, మా ఇంట్లో ప్లగ్గులు పీకే పరుగు మొదలయ్యేది. టీవీది ఒక మూల, సెట్‌టాప్ బాక్సుది బల్ల వెనక, రౌటర్‌ది తలుపు పక్కన. ఒకసారి రౌటర్‌ది మరిచిపోయాను, కాలిపోయింది.

ఇప్పుడు మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కలిపి, దాని ప్లగ్గును చేతికందే సాకెట్‌లో పెట్టాను. ఆ ఒక్కటి పీకేస్తే సరి. స్విచ్ ఆపితే చాలదు. పిడుగుకు స్విచ్‌లోని ఆ చిన్న ఎడం ఒక లెక్క కాదు. డిష్ నుంచి వచ్చే కేబుల్‌ను కూడా బాక్సు నుంచి విప్పాలి, చాలామంది మరిచేది ఇదే. ఫ్రిజ్, మోటారు వంటివి మాత్రం ఈ బోర్డుకు తగిలించకండి, వేడెక్కుతుంది.

ఇదంతా ఉరుములు దూరంగా ఉన్నప్పుడే. మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు. 30 లోపే ఉరిమితే ఆలస్యమైనట్టే, ప్లగ్గునూ కేబుల్‌నూ ముట్టుకోకండి. టీవీ పోతే పోనివ్వండి. చివరి ఉరుము వినబడ్డాక అరగంట ఆగి మళ్లీ పెట్టుకోవచ్చు.