సిమిలారిటీ రిపోర్టులో అంకె తేడాగా వస్తే ఏం చూడాలి?

తిరుపతిలో ఏప్రిల్ వచ్చిందంటే ఎండలతో పాటు పీజీ ప్రాజెక్టుల సబ్మిషన్లూ ముదురుతాయి. బాలాజీ కాలనీ వైపు డీటీపీ సెంటర్లలో కుర్చీ దొరకదు. డిపార్ట్‌మెంట్లో ఎవరు ఎదురుపడినా ఒకటే ప్రశ్న: "ఎంతొచ్చింది?" అంటే ప్రాజెక్టులో ఎంత శాతం వేరే చోట్ల ఉన్న పాఠంతో కలిసిందని సాఫ్ట్‌వేర్ రిపోర్టు చూపిందని. ఆ అంకె వెనక ఏముందో చూసే తీరిక మాత్రం ఎవరికీ ఉండదు. సాఫ్ట్‌వేర్‌కు తెలిసిందల్లా ఈ వాక్యం ఇంకెక్కడైనా ఉందా లేదా అన్నదే. కాపీయా కాదా అన్నది తేల్చాల్సింది పేపర్ దిద్దేవాళ్ళే. మా దగ్గర మళ్ళీ మళ్ళీ వచ్చే సమస్యలు ఇవి.

శాతం ఎక్కువ వచ్చింది, పిల్లలేమో కాపీ కొట్టలేదంటున్నారు

ముందు ఫిల్టర్లు, అంటే కొన్ని భాగాలను లెక్కలోంచి తప్పించే సెట్టింగులు, చూడండి. సర్టిఫికెట్, డిక్లరేషన్, కృతజ్ఞతలు అన్ని ప్రాజెక్టుల్లోనూ ఒకే మాటలతో ఉంటాయి. రిఫరెన్సులు ఎలాగూ కలుస్తాయి. కృతజ్ఞతలను, రిఫరెన్సులను యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 నిబంధనలే లెక్కలోంచి తీసేయమన్నాయి. విషయసూచిక, ముందుమాట, చట్టాల పాఠం, ప్రామాణిక సమీకరణాలు, సరిగ్గా మూలం చెప్పి ఉటంకించిన భాగాలు కూడా ఆ మినహాయింపులోనే ఉన్నాయి.

రిఫరెన్సుల ఫిల్టర్ పెట్టినా ఆ పేజీలు ఎర్రగానే కనిపిస్తున్నాయా? ఫిల్టర్ చాలావరకు శీర్షికను బట్టి పనిచేస్తుంది. 'ఉపయుక్త గ్రంథసూచి' అని తెలుగులో రాస్తే అది గుర్తుపట్టకపోవచ్చు. అధ్యాయాలు మాత్రమే వేరే ఫైలుగా చేసి ఎక్కించడం సులువు.

ఇంత చేశాక కూడా 24 శాతం మిగిలిందనుకోండి. అప్పుడు మూలాల జాబితా తెరవండి. ముప్పై చోట్ల నుంచి తలా ఒక శాతం లోపు కలిస్తే అది ఆ సబ్జెక్టులో అందరూ వాడే భాష. ఒకే థీసిస్ నుంచి 19 శాతం వస్తే, ఆ అధ్యాయాన్నీ ఆ థీసిస్‌నూ పక్కపక్కన పెట్టుకుని చదవాల్సిందే.

"గ్రీన్ వచ్చింది సార్, ఓకేనా?"

టర్నిటిన్ అనే చెకింగ్ సాఫ్ట్‌వేర్‌లో 24 శాతం వరకు ఆకుపచ్చే చూపిస్తుంది. యూజీసీ లెక్కలో పదితోనే గీత. పది శాతం దాకా చర్య ఉండదు. 10 దాటి 40 లోపు ఉంటే ఆరు నెలలు మించని గడువులో సరిచేసి మళ్ళీ ఇవ్వాలి. 40 దాటి 60 లోపైతే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. కాబట్టి థీసిస్‌కు 22 శాతం వస్తే ఆకుపచ్చ రంగు చూసి సంతోషించకూడదు. ఈ స్థాయిలు థీసిస్‌లకు, డెజర్టేషన్లకు పెట్టినవి. వీటిని తెచ్చి డిగ్రీ రెండో సంవత్సరం అసైన్‌మెంట్ మీద రుద్దడం అన్యాయం.

అన్నమయ్య మీద థీసిస్, సగం ఎరుపు

మన ఊళ్ళో ఇది తప్పదు. కీర్తన పల్లవి, చరణాలు ఎవరు రాసినా అవే మాటలు. పద్యాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టకుండా, మామూలు పేరాలో కలిపేయడం అసలు కారణం. సాఫ్ట్‌వేర్‌కు అది ఉటంకింపు అని తెలియదు. కీర్తనను విడిగా, లోపలికి జరిపి, గుర్తులు పెట్టి, కింద సంపుటం సంఖ్య, రాగిరేకు సంఖ్య ఇప్పించండి. అప్పటికీ ఫిల్టర్‌కు అందని చరణాలను మీరే చేత్తో తీసేయాలి.

కానీ కీర్తన కంటే దాని కిందున్న వివరణ మీద కన్నేయండి. అన్నమయ్య మాటలు ఎవరూ దొంగిలించలేరు, అవి ఆయనవని ఊరందరికీ తెలుసు. పాత వ్యాఖ్యానంలోని తాత్పర్యాన్ని నాలుగు క్రియలు మార్చి సొంతదిలా దించేయడమే ఎక్కువగా జరిగేది. పద్యాలన్నీ తీసేశాక మిగిలిన ఎరుపు ఎక్కడుందో చూస్తే అది బయటపడుతుంది.

తెలుగు థీసిస్‌కు సున్నా శాతం

ఇది చూసి గైడ్ కాఫీ ఇప్పిస్తాడు. నాకైతే అప్పుడే టెన్షన్ మొదలవుతుంది.

ఫైల్లోంచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగు పోయి ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, నెత్తిన గీతలు, చుక్కలు ఉన్న 'a'లు కలిసిన గందరగోళం కనిపిస్తే, అది అను ఫాంట్ల లాంటి పాత పద్ధతిలో టైపు చేసింది. తెర మీద మనకు 'తిరుమల' కనిపిస్తుంది, సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అది అర్థం లేని గుర్తుల వరస. దేనితోనూ కలవదు కాబట్టి సున్నా వస్తుంది. యూనికోడ్‌లోకి (ఏ కంప్యూటరైనా తెలుగుగానే చదవగలిగే అక్షరాల పద్ధతి) మార్చి మళ్ళీ ఎక్కించండి. మార్చేటప్పుడు వత్తులు, గుడులు అటూ ఇటూ అవుతాయి, కనీసం ఒక అధ్యాయమైనా స్కాలర్‌తో చదివించండి. లేకపోతే ఆ తప్పులే పోలికలను దాచేస్తాయి.

యూనికోడ్‌లో ఉన్నా పీడీఎఫ్ ఇవ్వకండి. తెలుగు పీడీఎఫ్‌లోంచి పాఠం లాగితే అక్షరాలు తరచూ చెదురుతాయి, వర్డ్ ఫైలే నయం. స్కాన్ చేసిన పేజీలైతే సాఫ్ట్‌వేర్‌కు అవి బొమ్మలే.

ఇంకో చిక్కు ఉంది. యాదృచ్ఛికంగా కలిసే మాటలను వరసగా 14 పదాల దాకా వదిలేయవచ్చని నిబంధన. ఇంగ్లీషులో 14 పదాలంటే ఒక వాక్యం. విభక్తులన్నీ పదానికే అంటుకునే మన భాషలో 14 పదాలకు రెండు మూడు వాక్యాలు అయిపోతాయి. అందుకే తెలుగు ఫైలును చిన్న పోలికల ఫిల్టర్ తీసేసి ఇంకోసారి చూస్తాను. నిర్ణయానికి కాదు, ఎక్కడ చదవాలో తెలుసుకోవడానికి.

ఇవన్నీ సరిచేశాక కూడా సున్నానే వస్తే? పాత తెలుగు పుస్తకాలు నెట్‌లో చాలావరకు స్కాన్ బొమ్మలుగానే ఉన్నాయి. వాటిలోంచి దించితే ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోదు. ఆ రంగంలో పుస్తకాలు చదివిన గైడే పట్టుకోవాలి.

తొంభై శాతం పైన

దాదాపు ఎప్పుడూ అదే మనిషి పాత డ్రాఫ్టే. ముందే ఇంకో అకౌంట్లో చెక్ చేయించి ఉంటారు, అది రిపాజిటరీలో, అంటే సాఫ్ట్‌వేర్ తన దగ్గర దాచుకునే ఫైళ్ళ నిల్వలో, నిలిచిపోయి ఉంటుంది. అది వాళ్ళదేనని రుజువు అడిగి, ఆ ఒక్క మూలాన్ని తీసేసి శాతం చూడండి. డ్రాఫ్టులకు 'రిపాజిటరీలో దాచవద్దు' అన్న సెట్టింగు ముందే పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు. "బయట చెక్ చేయించుకోవద్దు" అని పిల్లలకు జూన్‌లోనే చెప్పాలి. మార్చిలో చెప్తే అప్పటికే చేయించేసి ఉంటారు.

ఒకే సెక్షన్లో పది అసైన్‌మెంట్లు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయి

కాపీ కావచ్చు. కానీ ముందు ప్రశ్న చూడండి. "చిత్తూరు జిల్లా మామిడి గుజ్జు పరిశ్రమ గురించి వ్రాయుము" అంటే అందరూ ఒకే వెబ్‌సైటుకు వెళ్తారు. "మీకు తెలిసిన ఒక తోతాపురి రైతు ఈ ఏడాది కాయ ఎక్కడ, ఏ రేటుకు అమ్మాడో కనుక్కుని రాయండి" అంటే కాపీ కొట్టడానికి చోటే ఉండదు.

శాతం తక్కువే, భాషే వింతగా ఉంది

పదాలు మార్చే టూల్ వాడారేమో చూడండి. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్‌ను 'కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్' అని, బ్రెస్ట్ క్యాన్సర్‌ను 'బోసమ్ పెరిల్' అని రాసిన పరిశోధనా పత్రాలు నిజంగానే అచ్చయ్యాయి. ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగులోకి దించేసినా మామూలు చెక్‌కు దొరకడం కష్టం. రిపోర్టులో ఏఐ శాతం అని విడిగా వచ్చే అంకెకూ సిమిలారిటీకీ సంబంధం లేదు. సొంతంగా రాసినవాళ్ళనూ అది అనుమానించిన సందర్భాలున్నాయి కాబట్టి దాన్ని పట్టుకుని మార్కులు కోయకండి. విద్యార్థిని పిలిచి, ఆ పేరాలో ఏం చెప్పావమ్మా అని అడగండి. పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఒకే ఫైలుకు రెండు చోట్ల రెండు శాతాలు

రెండు సాఫ్ట్‌వేర్లూ వెతికే డేటాబేస్‌లు వేరు, ఫిల్టర్లు వేరు. మీ యూనివర్సిటీ ఏది ఒప్పుకుంటుందో అదే లెక్క.

కాపీ ఆరోపణలను విచారించే డిపార్ట్‌మెంటల్ అకడమిక్ ఇంటెగ్రిటీ ప్యానెల్‌కు పంపేటప్పుడు శాతం ఒక్కటే రాసి పంపకండి. పూర్తి రిపోర్టు, ఏయే ఫిల్టర్లు పెట్టారు, ఏ మూలాలను ఎందుకు తీసేశారు, రిపోర్టు ఏ తేదీన తీశారు, విద్యార్థి ఏం చెప్పారు, ఇవన్నీ జతచేయండి. డేటాబేస్ పెరుగుతూ ఉంటుంది కాబట్టి ఆరు నెలల తర్వాత అదే ఫైలుకు అంకె మారవచ్చు, అప్పుడు మీ చేతిలో ఉండేది ఆ కాగితాలే.