ప్యాచ్‌ల రాత్రి: మానిటరింగ్ ఏజెంట్‌ను ముట్టుకునే ముందు

యూనిక్స్ సర్వర్‌లో డేటాబేస్ ఆగితే మానిటరింగ్ ఏజెంట్, అంటే సర్వర్ మీద కన్నేసి సెంట్రల్ సర్వర్‌కు కబురు పంపే చిన్న ప్రోగ్రామ్, గోల చేస్తుంది. ఏజెంటే ఆగితే గోల చేసేవారెవరు? ప్యాచ్‌లు (సాఫ్ట్‌వేర్ సవరణలు) వేసే రాత్రి దాని అప్‌గ్రేడ్‌ను చివర్లో రెండు నిమిషాల పనిగా పెట్టుకుంటాం. డ్యాష్‌బోర్డులో ఎర్రరంగు లేదు కాబట్టి అంతా బాగుందని ఇంటికి వెళ్తాం. అసలు అక్కడికి ఏ కబురూ చేరడం లేదని ఎవరికీ తట్టదు.

అందుకే ముందుగా చూడాల్సింది సర్వర్‌ను కాదు, అలర్ట్ నియమాలను. డేటా రాకపోతే హెచ్చరించే నియమం ఉందా? జాబిక్స్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లో నోడేటా ఫంక్షన్ ఉన్నది ఇందుకే. అలాంటిదే అయిన ప్రొమీథియస్‌లో స్క్రేప్ (సర్వర్ నుంచి డేటా లాగడం) విఫలమైతే ‘అప్’ మెట్రిక్ (కొలత) 0 అవుతుంది. కానీ ఆ సర్వర్ డేటా లాగాల్సిన టార్గెట్ల జాబితాలోంచే జారిపోతే 0 కూడా ఉండదు, మెట్రిక్కే మాయమవుతుంది. దానికోసం ఆబ్సెంట్ ఫంక్షన్‌తో వేరే నియమం రాయాలి. ఇది సరిచూసుకున్నాకే మెయింటెనెన్స్ సమయం (అలర్ట్‌లను ఆపి ఉంచే వేళ) పెట్టండి, అదీ ఆ ఒక్క సర్వర్‌కే, ముగింపు వేళతో సహా.

ఏజెంట్ అమరికలుండే కాన్ఫిగరేషన్ ఫైల్‌ను కాపీ చేసి ఉంచుకోండి, అయితే అదే డైరెక్టరీలో డాట్ కాన్ఫ్ తోకతో వద్దు. ఆ తోక ఉన్న ఫైళ్లన్నీ చదవమని ఇన్‌క్లూడ్ వరుసలో ఉంటే పాతదీ కొత్తదీ రెండూ లోపలికి వస్తాయి. జాబిక్స్ ఏజెంటైతే ఒకే యూజర్ పారామీటర్ (మనం సొంతంగా చేర్చుకున్న కొలత) రెండుసార్లు కనబడిందని మొరాయిస్తుంది.

ఆపేటప్పుడు తొందర పనికిరాదు. లైనక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు ఎదురుచూసి, అప్పటికీ ఆగకపోతేనే బలవంతంగా చంపుతుంది. ఈలోగా మీరు కిల్ మైనస్ 9 (ప్రాసెస్‌ను అక్కడికక్కడే చంపే ఆదేశం) కొట్టకండి. ప్రాసెస్ స్థితి ‘డి’ (జవాబు కోసం కదలకుండా ఎదురుచూస్తోంది) అని కనిపిస్తే, స్పందన లేని ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్ (నెట్‌వర్క్ ద్వారా తగిలించిన డిస్క్) మీద డిస్క్ లెక్కలు అడుగుతూ ఏజెంట్ ఇరుక్కుపోయి ఉండవచ్చు. అప్పుడు చూడాల్సింది మౌంట్‌ను. సొలారిస్ అనే మరో యూనిక్స్‌లో ఇంకో తిరకాసు ఉంది. లైనక్స్‌లో సిస్టమ్‌సీటీఎల్ స్టాప్‌తో ఆపిన సర్వీసు ఎనేబుల్ అయి ఉంటే రీబూట్‌తో మళ్లీ లేస్తుంది. సొలారిస్‌లో ఎస్‌వీసీఏడీఎమ్ డిసేబుల్ అనే ఆదేశంతో ఆపితే రీబూట్ తర్వాత కూడా ఆగే ఉంటుంది. తాత్కాలికంగా చాలనుకుంటే మైనస్ టీ చేర్చాలి.

అన్నిటికంటే పెద్ద తప్పు నేనే చేశాను. అప్‌గ్రేడ్ తర్వాత సర్వీసు లేవకపోతే, ‘ఒకసారి చూద్దాం’ అని రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా) ఏజెంట్‌ను చేత్తో నడిపాను. డేటా చక్కగా వచ్చింది, హాయిగా పడుకున్నాను. మూడు వారాల తర్వాత సర్వర్ రీబూట్ అయింది, ఏజెంట్ లేవలేదు. నా చేతిచలవ వల్ల లాగ్ ఫైల్ రూట్ సొత్తు అయిపోయింది, ఏజెంట్ సొంత యూజర్‌కు అందులో రాసే అనుమతి లేదు. పీఐడీ ఫైల్ (ప్రాసెస్ నంబరు రాసి ఉండేది) మాత్రం మెమరీలో ఉండే రన్ డైరెక్టరీలోది కాబట్టి రీబూట్‌తో పోయింది, ఆధారం సగం దానితోనే పోయింది. చేత్తో నడపక తప్పకపోతే సర్వీసు ఏ యూజర్‌తో నడుస్తుందో ఆ యూజర్‌తోనే నడపండి. ఇంకో మాట: మళ్లీ మళ్లీ లేపేలా అమర్చిన సర్వీసును కూడా, 10 సెకన్లలో 5 ప్రయత్నాలు దాటితే సిస్టమ్‌డీ తన మామూలు అమరికలో వదిలేస్తుంది. లోపం సరిదిద్దాక దాన్ని మీరే లేపాలి.

స్టేటస్‌లో ‘యాక్టివ్’ అని కనబడటం సగం సంగతే. సెంట్రల్ సర్వర్ వైపు వెళ్లి చివరి డేటా ఏ వేళదో చూడండి. జాబిక్స్‌లో పాసివ్ చెక్ అంటే సర్వర్ వచ్చి ఏజెంట్ 10050 పోర్టు తడుతుంది. యాక్టివ్ చెక్ అంటే ఏజెంటే వెళ్లి సర్వర్ 10051 పోర్టు తడుతుంది. భద్రపరచని ఫైర్‌వాల్ నియమాలు రీబూట్‌తో చెరిగిపోయాయేమో అని రెండు దిక్కులా పరీక్షించాలి. ప్రొమీథియస్ వాడే నోడ్ ఎక్స్‌పోర్టర్‌కు పోర్టు 9100, నాగియోస్ అనే మరో మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ వాడే ఎన్‌ఆర్‌పీఈకి 5666. సర్వర్ గడియారం సరిగా ఉందో లేదో కూడా ఒకసారి చూడండి.

మెయింటెనెన్స్ సమయం ముగిశాక, ఎవరికీ ఇబ్బంది లేని ఒక చిన్న సర్వీసును కావాలనే ఆపండి. అలర్ట్ మీ ఫోనుకు వచ్చాక దాన్ని తిరిగి లేపి, అప్పుడు టెర్మినల్ మూయండి.