కొత్త పోకేమాన్ సెట్ వచ్చిన వారం విడి కార్డులు కొనకండి

ఎర్రనీటితో వచ్చే తొలి పులసకి పలికే రేటు లాంటిదే, పోకేమాన్ కార్డుల ఆటలో కొత్త సెట్ (కొత్త కార్డుల విడత) విడుదలైన వారం, ప్యాకెట్‌గా కాక ఒక్కొక్కటిగా అమ్మే విడి కార్డుల రేటు. అప్పటికి ప్యాకెట్లు విప్పినవాళ్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. 3-4 వారాలు ఆగితే సరుకు పెరిగి చాలా కార్డులు దిగుతాయి. ఆటగాడు ఆడే 60 కార్డుల కట్టలో (డెక్కులో) ఒకే పేరువి 4 దాకా పెట్టొచ్చు, ఒక్కొక్కరూ నాలుగేసి అడుగుతారు కాబట్టి, పోటీల్లో గెలుస్తున్న కార్డు మాత్రం దిగకపోవచ్చు. అమ్మేవాళ్లయితే తొలి వారమే అమ్మెయ్యండి. చూడాల్సింది అడిగే ధర కాదు, అమ్ముడైన ధర.

దాచుకునేవి ఉంటే జాగ్రత్త: భీమవరం, అమలాపురం వైపు వానాకాలపు చెమ్మకి మెరుపు కార్డులోని కాగితం ఉబ్బుతుంది, దాని మీది మెరిసే రేకు పొర ఉబ్బదు, కార్డు విల్లులా వంగుతుంది. వంగితే మంచి ధర అడగలేం. స్లీవ్ (ప్లాస్టిక్ తొడుగు) తొడిగి, మూత బిగిసే డబ్బాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లంతో పెట్టండి.