కారు ఏసీలో ముక్కిపోయిన వాసన: స్ప్రే కొట్టే ముందు కారు కింద చూడండి

ఏసీ వేయగానే ఆరని తడిగుడ్డల మూట విప్పినట్టు గుప్పున వాసన వస్తుంది, రెండు నిమిషాల్లో తగ్గుతుంది. ఆపి మళ్లీ వేస్తే మళ్లీ అదే. ఎక్కువమంది ముందు సెంటు తగిలిస్తారు, తర్వాత స్ప్రే కొట్టిస్తారు. పది రోజుల్లో వాసన తిరిగొస్తుంది.

డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్ మీద గాలిలోని తేమ నీరవుతుంది. ఆ నీరు కింది ట్రేలోకి జారి, డ్రెయిన్ పైపు గుండా రోడ్డు మీద పడాలి. అది నిలిచినచోట దుమ్ము చేరి బూజు పడుతుంది. స్ప్రే బూజును చంపుతుంది కానీ నీటిని బయటికి పంపదు.

ముందు ఫిల్టర్

లోపలికొచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది. బయటికి లాగి వాసన చూడండి. నల్లబడినా, చెమ్మగా తగిలినా మార్చేయండి. దులిపి, కడిగి మళ్లీ పెట్టొద్దు. కొత్తది పెట్టేటప్పుడు అంచు మీది బాణం గుర్తు గాలి వెళ్లే వైపే ఉండాలి. వైపర్ల కింది జాలీలో ఆకులు కుళ్లుతుంటే ఏరేయండి, బయటి గాలి అక్కడి నుంచే లోపలికి వస్తుంది.

అసలు దొంగ: సగం పూడిన డ్రెయిన్

పూర్తిగా మూసుకుపోతే సులభంగా దొరుకుతుంది, కాళ్ల దగ్గర నీళ్లొస్తాయి. మోసం చేసేది సగం పూడిన పైపు. కారు కింద చుక్కలు పడుతుంటే "డ్రెయిన్ బాగానే ఉంది" అని అందరూ వదిలేస్తారు. కానీ పైపు మొదట్లో జిగురు పాచి చిన్న గట్టులా పేరుకుంటుంది. నీరు ఆ గట్టు ఎత్తుకు చేరాకే పొర్లి బయటపడుతుంది. అంటే చుక్కలు పడుతూనే ఉంటాయి, ట్రేలో మాత్రం ఎప్పుడూ కొంత మురుగు నిలిచే ఉంటుంది.

అందుకే చుక్క పడిందా అని కాదు, ఎలా పడుతోందో చూడాలి. తేమ ఉన్న రోజు ఏసీతో 20 నిమిషాలు తిప్పి, సమంగా ఉన్న నేల మీద ఆపండి. పైపు బాగుంటే ఇంజిన్ ఆపాక నీరు వేగంగా కారి, కొద్ది నిమిషాల్లో ఆగిపోతుంది. పూడితే ఒక్కో చుక్కగా చాలాసేపు సాగుతుంది, లేదా కారు వాలుగా నిలబెట్టినప్పుడు ఒక్కసారిగా కారుతుంది. బ్రేక్ వేసినప్పుడో మలుపులోనో డ్యాష్‌బోర్డు వెనక గలగలమంటే ఇక అనుమానమే లేదు. పక్క సీటు ముందున్న కార్పెట్‌నూ తడిమి చూడండి. పైన మ్యాట్ పొడిగా ఉన్నా, కార్పెట్ కింది స్పాంజి నీళ్లు పీల్చి ఉండొచ్చు. అది తడిసి ఉంటే కార్పెట్ ఎత్తి పూర్తిగా ఆరబెట్టాల్సిందే.

పైపు మూతి చాలా కార్లలో పక్క సీటు వైపు, ఇంజిన్ గదికీ క్యాబిన్‌కూ మధ్యున్న రేకు అడుగున ఉంటుంది. కొన్నింటిలో మధ్యకు జరిగి ఉంటుంది. ముందు రబ్బరు మూతి చూడండి. బురద అంటుకుని పెదవులు మూసుకుపోవడం, అడుగున కోటింగ్ కొట్టినప్పుడు రంగు పడి అతుక్కుపోవడం, కందిరీగ మట్టిగూడు కట్టడం తరచుగా కనిపించేవే. రబ్బరు వంపు ఊడి ఉంటే నీరు రేకు వెంబడి వెనక్కి పాకి కార్పెట్‌లోకి చేరుతుంది. దాన్ని కిందికి చూసేలా తొడగండి.

లోపలి పాచికి గడ్డికోత యంత్రంలో వాడే 2 మిల్లీమీటర్ల నైలాన్ తీగ చాలు. కొసను మంటకు చూపి గుండ్రం చేసి, తిప్పుతూ 10 సెంటీమీటర్ల వరకే పంపండి. ఇనుప తీగ వద్దు, పైనే పల్చటి అల్యూమినియం కాయిల్ ఉంటుంది, చిల్లు పడితే గ్యాస్ పోతుంది. తర్వాత నీళ్లు పీల్చే వాక్యూమ్ క్లీనర్‌ను మూతికి ఆనించి, సందు లేకుండా చేత్తో మూసి అర నిమిషం చొప్పున మూడు నాలుగు సార్లు పీల్చండి. గోధుమరంగు జిగురు వస్తే రోగం దొరికినట్టే. కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టొద్దు. పాచి తిరిగి ట్రేలోకే పోతుంది, లోపలి అతుకు ఊడినా ఊడుతుంది. ముఖం పైపు కింద పెట్టకండి, అడ్డు తొలగ్గానే మురుగంతా దూకుతుంది.

ఆ తర్వాతే ఫోమ్

కాయిల్‌ను శుభ్రం చేసే నురగ (ఫోమ్) కరిగి నీరై ఈ పైపులోంచే బయటికి రావాలి, అందుకే ఈ వరుస. ఫిల్టర్ తీయగానే కాయిల్ కనిపిస్తే అక్కడి నుంచే కొట్టండి. మీ కారులో ఫిల్టర్ బ్లోయర్‌కు (గాలి ఊదే ఫ్యాన్‌కు) ముందుంటే ఆ దారిలో కొట్టొద్దు, మోటారు తడుస్తుంది. డ్రెయిన్ పైపులోంచి గొట్టం పైకి పంపి కొట్టండి. డబ్బా మీద రాసినంతసేపు ఆగి, కింద నీరు కారడం ఆగాక, అద్దాలు దించి, ఏసీ ఆపి, వేడిగాలి పెట్టి ఫ్యాన్ 10 నిమిషాలు నడపండి. కొత్త ఫిల్టర్ అప్పుడు పెట్టండి. బ్లీచింగ్ ద్రావణం మాత్రం వాడొద్దు, అల్యూమినియాన్ని తినేస్తుంది.

ఇకపై దిగడానికి నాలుగైదు నిమిషాల ముందు ఏసీ మీట ఆపి, ఫ్యాన్ నడవనిచ్చి, బయటి గాలి తెరవండి. కాయిల్ ఆరుతుంది.

ఇంకేమైనా ఉందా?

తియ్యటి వాసనతో అద్దం మీద జిడ్డు పొగమంచు పడితే అది హీటర్ కోర్ (వేడిగాలి కోసం ఇంజిన్ కూలెంట్ పారే చిన్న రేడియేటర్) లీకు, మెకానిక్ దగ్గరికి వెళ్లండి. ఎంతసేపు నడిపినా తగ్గని కుళ్లు కంపైతే చచ్చిన ఎలుక, బ్లోయర్ విప్పి చూడండి. వాన పడ్డాకే వాసన వస్తే తలుపు రబ్బర్లు, సన్‌రూఫ్ నీటి గొట్టాలు చూసుకోండి.