పూత మీదున్న మామిడికి మందు: తేనెటీగలకు ముప్పు లేకుండా

హైదరాబాదులోని పెరటి మామిడి చెట్లకు పూత సాధారణంగా డిసెంబరు, ఫిబ్రవరి నెలల మధ్య వస్తుంది. సరిగ్గా అప్పుడే ఆకులు జిగటగా మారి నల్లబడటం చూసి, చాలామంది దుకాణదారు చేతికిచ్చిన మందును ఆ పూటే చల్లేస్తారు. ఆ నలుపు అసలు తెగులు కాదు. పురుగులు రసం పీల్చి విసర్జించిన తీపి జిగురు మీద పెరిగే బూజు. కాబట్టి ముందు పూతకొమ్మను చేత్తో మెల్లగా తట్టి చూడాలి. బూడిద రంగు ముక్కోణపు చిన్న పురుగులు చిటపటలాడుతూ ఎగిరితే అది తేనెమంచు పురుగు. కాడల వెంట తెల్లని మెత్తటి ముద్దలుండి, చీమలు బారులు తీరితే పిండినల్లి. పూత మీద విభూతి చల్లినట్లు తెల్లని పొడి ఉంటే అది బూడిద తెగులు. దానికి పురుగుమందుతో పనే లేదు, లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి ఎండ లేని వేళ పిచికారీ చేస్తే సరిపోతుంది.

పిండినల్లికి మందుకంటే అడ్డుకట్టే మేలు. పిల్లపురుగులు నేల నుంచి మొదలు మీదుగా పైకి పాకుతాయి గనుక, డిసెంబరులోనే మాను చుట్టూ జానెడు వెడల్పు ప్లాస్టిక్ పట్టీ బిగించి, దాని మీద గ్రీజు పూయాలి. ఆకుల మీది మసికి పలుచని మైదా గంజి చల్లితే, అది ఎండి పొరలుగా రాలుతూ మసిని కూడా ఊడదీస్తుంది.

తేనెమంచు పురుగు ఉధృతంగా ఉన్నప్పుడే అసలు చిక్కు. పూమొగ్గలు విచ్చుకోకముందే, లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె కొద్దిగా సబ్బునీటితో కలిపి చల్లడం మంచిది. పూలు విచ్చిన తరువాత పురుగుమందు జోలికి పోకూడదు, ఎందుకంటే మామిడిలో కాయ కట్టించేవి ఈగలు, తేనెటీగలే. డబ్బా మీద ఆకుపచ్చ లేదా నీలం గుర్తు చూసి నిశ్చింతపడటం పొరపాటు: ఆ రంగులు మనుషులకు, జంతువులకు కలిగే విషప్రభావాన్ని తెలుపుతాయే తప్ప తేనెటీగల సంగతి చెప్పవు. ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ వంటి పురుగుమందులు చెట్టంతా పాకి మకరందంలోకీ, పుప్పొడిలోకీ చేరతాయి. పాదులో పోసినా అంతే.

తప్పనిసరిగా చల్లవలసి వస్తే తేనెటీగలు గూటికి చేరాక, చీకటి పడుతుండగా, గాలి లేనప్పుడు చల్లాలి. మన అపార్టుమెంట్ల సజ్జల కింద పెద్ద తేనెపట్లు వేలాడటం మామూలే గనుక, పై అంతస్తు వారికి ముందే చెప్పాలి. పిట్టలకు పెట్టిన నీటి మూకుడును మూసిపెట్టాలి. చెట్టు కింద పూసిన తులసినీ, కలుపునీ తడవనివ్వకూడదు.